సార్ దోషాలు

శీర్షిక చూచి ఇది ఉపాధ్యాయ వర్గంపై ఎవరో సంధించిన విమర్శ అని చదువరులు అనుకోవచ్చు. ఆ అనుమానం సగం నిజం. ఆకాశం నుంచి భూమిని చిత్రించే ఒక విధమైన రాడార్ ఉన్నది. దాని పూర్తి పేరు సింథటిక్ అపెర్చర్ రాడార్. ఆ మూడు ఆంగ్ల పదాల మొదటి అక్షరాలను కూర్చి, ఆ విద్యలో పనిచేసేవారు దానిని 'సార్' అని పిలుస్తారట. మా సీమలో పిల్లలు బడిపంతులును పిలిచేదీ ఆ మాటతోనే. ముప్పది అయిదేండ్లు ఆ పిలుపు విని, పదవీ విరమణ చేసి ఇంట కూర్చున్న నాకు ఈ రెండవ సార్ సంగతి మొన్నటి దాకా తెలియదు. అది తెలిసిన తరువాత మొదటి సారును గురించి కొంత తెలిసివచ్చింది. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

నేను భాషాప్రవీణ చదివి, తెలుగు పండిత శిక్షణ పొంది, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్ళలోను వాటి చుట్టుపట్లను ఉద్యోగం చేసినవాణ్ణి. అప్పుడవి అనంతపురం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి. 2020లో విశ్రాంతి తీసుకొని హిందూపురంలో స్థిరపడినాను. విజ్ఞానశాస్త్రం నా విద్య కాదు. ఇందులో శాస్త్రం ఉన్నంతవరకు నా పూర్వ విద్యార్థి ఒకడు చెప్పినది, ఆ పైన నేను చదివి సరిచూచుకొన్నది. ఆ విద్యార్థి ధర్మవరం నేతవారి బిడ్డ. రాడార్ చిత్రాలను శుద్ధి చేసే ఉద్యోగం చేస్తున్నాడు. తన పేరూ, సంస్థ పేరూ వ్రాయవద్దన్నాడు గనుక వ్రాయను.

2025 అక్టోబరులో, దసరా సెలవులకు వచ్చినవాడు హిందూపురంలో దిగి మా ఇంటికి వచ్చినాడు. "బాగుండారా సార్?" అని కాళ్ళకు మ్రొక్కినాడు. ఇంత పెద్దవాడై, తల నెరసి, ఇంకా ఆ పలుకుబడి పోగొట్టుకోనందుకు సంతోషించినాను. మరునాడు తండ్రిని చూడడానికి ధర్మవరం పోతూ నన్నూ రమ్మన్నాడు. రైలులో కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాము. రెండు గంటల లోపు ప్రయాణం. ఆ రెండు గంటలలో వాడు గురువు, నేను శిష్యుణ్ణి.

"నీవు చేసే పని ఏమిటో నాకు అర్థమయ్యేటట్లు చెప్పు నాయనా" అని అడిగినాను.

వాడు కిటికీలోనుంచి బయటికి చూపి, "ఈ కిటికీయే సార్" అన్నాడు.

వాడు చెప్పినది నా మాటలలో ఇది. మామూలు కెమెరాకు వెలుతురు కావాలి, మబ్బు అడ్డు రాకూడదు. రాడార్ తన వెలుతురు తానే తెచ్చుకొంటుంది. రేడియో తరంగాన్ని క్రిందికి పంపి, భూమికి తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని వింటుంది. రాత్రి అయినా, మబ్బు పట్టినా దానికి ఒకటే. 2021 నవంబరులో చిత్రావతి పొంగి మా ప్రాంతం నీటిపాలైనప్పుడు ఆకాశం రోజుల తరబడి మూసుకొని ఉన్నది. అటువంటి వేళ నీరు ఎంత మేర నిలిచినదో పైనుంచి చెప్పగలిగినది రాడార్ ఒక్కటే. ఈ విద్యలో మన దేశం వెనుకబడి లేదు. రిశాట్-1 అనే ఉపగ్రహాన్ని 2012 ఏప్రిల్ 26న, దాని తరువాతిదైన ఈ.ఓ.ఎస్-04ను 2022 ఫిబ్రవరి 14న మన శ్రీహరికోట నుంచే పంపినారు. 2025 జూలై 30న ఇస్రో, నాసా కలిసి నిర్మించిన నైసార్ కూడా అక్కడినుంచే వెళ్ళింది.

అయితే ఒక చిక్కు ఉన్నది. దూరపు వస్తువును సూక్ష్మంగా చూడాలంటే కన్ను పెద్దదిగా ఉండాలి. రాడార్‌కు కన్ను దాని ఆంటెనా. రిశాట్-1 ఆంటెనా పొడవు 6 మీటర్లు. అది తిరిగిన ఎత్తు 536 కిలోమీటర్లు. దాని తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. ఈ లెక్కన అంత ఎత్తునుంచి అయిదారు కిలోమీటర్ల మేర అంతా కలిసి ఒక్క చుక్కగా కనబడుతుంది. పెనుకొండ కోటా, ఊరూ, చెరువూ, గగన్ మహలూ అన్నీ కలిసి ఒక్క చుక్క! వేఱు వేఱుగా చూడాలంటే కిలోమీటర్ల పొడవుగల ఆంటెనా కావాలి. అంతటి దానిని ఆకాశానికి ఎత్తేదెవరు?

దీనికి ఉపాయం అమెరికా దేశంలో కార్ల్ వైలీ అనే ఇంజనీరుకు 1951లో తోచింది. పెద్ద కన్ను లేకపోతే చిన్న కన్నునే నడిపించుదాము. ఇక్కడ ఒక చూపు, నాలుగడుగులు జరిగి ఇంకొక చూపు, మఱి నాలుగడుగులు జరిగి ఇంకొక చూపు. అన్ని చూపులనూ మరచిపోకుండా దాచుకొని, చివర కూర్చితే, ఆ నడిచిన దూరమంతా ఒక్క పెద్ద కన్ను అవుతుంది. రైలు కిటికీ చిన్నదే; కాని అది ధర్మవరం దాకా నడుస్తుంది గదా. అందుకే దీనిని నేను 'కల్పిత గవాక్ష రాడార్' అని తెలిగించుకొన్నాను. ఉపగ్రహానికి ఈ నడక ముప్పావు సెకను పని. ఆ కాస్త కాలంలో వేలాది చూపులు.

నాకు వెంటనే అష్టావధానం స్ఫురించింది. అవధాని ఒక్కొక్క పృచ్ఛకునికి ఒక్కొక్క పాదం చొప్పున ఆవృత్తులలో చెబుతాడు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి వస్తుంటాయి. మధ్యలో వినేవానికి అంతా కలగాపులగం. చివర ధారణ చేసేటప్పుడు ఏ పాదం ఏ పద్యానిదో దాని దగ్గఱికి చేరి, పద్యాలన్నీ విడివిడిగా నిలుస్తాయి. రాడార్‌కు వచ్చే ప్రతి ప్రతిధ్వనిలోనూ కొండ, చెరువు, చేను కలిసే ఉంటాయి. ఉపగ్రహం దగ్గఱకు వచ్చేటప్పుడు ఒక తీరుగా, దాటిపోయేటప్పుడు ఇంకొక తీరుగా, ఎదురుగా వచ్చే రైలు కూత మారినట్లు, ఒక్కొక్క చోటినుంచి వచ్చే అల స్వరం మారుతుంది. ఆ మార్పును బట్టి దేనిని ఎక్కడ పెట్టవలెనో చివర లెక్క కడతారు. ఈ పోలిక చెబితే వాడు చాలా సంతోషించి, "మా వాళ్ళకు చెప్తాను సార్" అన్నాడు.

"మఱి దోషాలెక్కడ వస్తాయి?" అన్నాను.

"ధారణలో తప్పు పోతే ఏమైతుంది సార్?"

అదే సంగతి. ప్రతి చూపూ ఎక్కడినుంచి చూచినదో కచ్చితంగా తెలిసి ఉండాలి. ఉపగ్రహం గాలి లేని చోట తిరుగుతుంది గనుక దాని నడక చాలా వరకు నిలకడ. విమానం మీద పెట్టిన రాడార్‌కు ఆ భాగ్యం లేదు. ఎండ వేడికి గాలి పొంగుతుంది, విమానం లేస్తుంది, దిగుతుంది, పక్కకు ఒరుగుతుంది. 5.6 సెంటీమీటర్ల అలకు, పోనూ రానూ రెండు మార్గాలు గనుక, విమానం అనుకొన్న దారినుంచి 1.4 సెంటీమీటర్లు జరిగితే చాలు, అల శిఖరం రావలసిన చోట లోయ వస్తుంది. కూడవలసినది తీసివేత అవుతుంది. నా బొటనవ్రేలి వెడల్పు కంటె తక్కువ దూరానికి ఊరి బొమ్మ చెదరిపోతుంది!

ఆ చెదరడంలో కూడా రకాలున్నవి. విమానం మెల్లగా వంపు తిరుగుతూ పోతే బొమ్మ అంతా చత్వారపు కంటికి కనబడినట్లు మసకబారుతుంది. ఒకే వేగంతో ఒక పక్కకు తేలిపోతే బొమ్మ స్పష్టంగానే ఉంటుంది గాని చోటు మారుతుంది. యంత్రం అదురు వలె ఒక తీరుగా, మళ్ళీ మళ్ళీ వచ్చే కదలిక అయితే మఱీ విచిత్రం: నిజమైన ఒక్కొక్క చుక్కకు రెండు పక్కలా సమాన దూరంలో దయ్యపు చుక్కలు పుడతాయి. లేని ఇల్లు ఉన్నట్లు కనబడుతుంది. దోషం బొమ్మలో కనబడే తీరును బట్టి కదలిక ఎటువంటిదో చెప్పవచ్చునట. పద్యం ఎక్కడ కుంటుతున్నదో విని, అది గణభంగమా, యతిభంగమా అని మేము చెప్పినట్లే.

చూచే కన్ను కాక, చూడబడే వస్తువు కదలినా చిక్కే. "మనం కూర్చున్న ఈ రైలును ఇప్పుడు పైనుంచి తీస్తే, బొమ్మలో ఇది పట్టాల మీద ఉండదు సార్. వందల మీటర్లు పక్కన, ఏ చేన్లోనో చెర్లోనో ఉంటాది" అన్నాడు. నేను నమ్మలేదు. వాడు లెక్క వేసి చూపినాడు. ఉపగ్రహం సాగే దిశకు అడ్డంగా రైలుకు ఉన్న కొద్దిపాటి వేగమే దాని అల స్వరాన్ని మారుస్తుంది. స్వరాన్ని బట్టే చోటు నిర్ణయించే రాడార్, రైలును వేఱొక చోట కూర్చోబెడుతుంది. నిలిచి ఉన్న పట్టాలు మాత్రం తమ చోటనే ఉంటాయి. అంతా నిలిచి ఉన్నదని నమ్మి లెక్క కట్టేవానికి, కదిలేది ఎప్పుడూ అపరాధిగా తప్పుడు చోట కనబడుతుంది.

ఇంతలో పెనుకొండ వచ్చింది. విజయనగర రాజులకు తళ్ళికోట యుద్ధం తరువాత రాజధాని అయిన ఊరు. నేను నాలుగేండ్లు పనిచేసిన ఊరు. కొండ మీద ఎండ పడుతున్నది. వాడు సంచిలోనుంచి ల్యాప్‌టాప్ తీసి ఒక రంగుల చిత్రం చూపినాడు. ఐరోపా వారి సెంటినెల్-1 ఉపగ్రహం వేసవిలో ఒకసారి, వానలు పట్టిన తరువాత ఒకసారి చూచిన చూపులను ఒకదానితో ఒకటి పోల్చి చేసిన చిత్రమట. నేల ఉపగ్రహానికి దగ్గఱైనా దూరమైనా రంగు మారుతుంది. ఎఱుపునుంచి మళ్ళీ ఎఱుపుకు వస్తే 2.8 సెంటీమీటర్లు జరిగినట్లు. అందులో పెనుకొండ శిఖరం ఒక రంగు, చుట్టూ ఉన్న మైదానం ఇంకొక రంగు.

నా గుండె ఝల్లుమన్నది. మా ప్రాంతంలో బోర్లు వేలకు వేలు. నీరు తోడి తోడి నేల కుంగుతున్నదేమో అనుకొన్నాను. "ఏమప్పా, నేల దిగిపోతాండాదా?" అని నా నోట కూడా ఊరి మాట వచ్చింది.

"నేల కాదు సార్. గాలి."

మబ్బును దాటి రాడార్ చూస్తుంది, నిజమే. కాని దాటడం వేఱు, ఆలస్యం లేకుండా దాటడం వేఱు. శూన్యంలో పోయినంత వేగంగా తరంగం గాలిలో పోదు. పైనుంచి నేల దాకా ఉన్న పొడి గాలి ఒక్కటే రెండు మీటర్లకు పైగా దూరం పెరిగినంత ఆలస్యం చేస్తుంది. అది రోజు రోజుకూ పెద్దగా మారదు గనుక సర్దుకోవచ్చు. గాలిలోని నీటి ఆవిరి అట్లా కాదు. దానివల్ల కలిగే ఆలస్యం తక్కువే గాని, పూటకూ మారుతుంది, ఊరికీ మారుతుంది. రెండు చూపుల మధ్య గాలిలోని తేమ 20 శాతం మారితే, నేల 10 సెంటీమీటర్ల దాకా కదిలినట్లు భ్రమ కలుగవచ్చునని 1997లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపినారు. మైదానం మీద గాలి పొర మందం. కొండ శిఖరం మీద ఆ మేరకు పలుచన. వేసవిలో పొడిగా ఉన్న గాలి వానకాలంలో చెమ్మగిల్లగానే మైదానానికి పోయి వచ్చే అల ఎక్కువ ఆలస్యమైంది, శిఖరానికి పోయి వచ్చేది తక్కువ ఆలస్యమైంది. కొండ పెరిగినట్లు, మైదానం కుంగినట్లు చిత్రం చెప్పింది. కొండా కదలలేదు, నేలా కదలలేదు.

అంతకు పైన ఇంకొక పొర ఉన్నది. సూర్యుని అతినీలలోహిత కిరణాల తాకిడికి అణువులనుంచి ఎలక్ట్రానులు విడిపోయి విద్యుత్తు నిండిన అయనావరణం. తరంగం పొడవైన కొద్దీ దాని ప్రభావం ఎక్కువ. నైసార్‌లో రెండు తరంగాలున్నవి: ఒకటి సుమారు 24 సెంటీమీటర్లది, ఇంకొకటి 9 సెంటీమీటర్లకు కొంచెం పైనది. పొడవైనది చెట్ల ఆకులను దాటి లోపలికి పోగలదు, కాని పై పొర దానిని ఎక్కువ బాధిస్తుంది. భూమధ్యరేఖకు చేరువగా ఉన్న మన దేశాల మీద ప్రొద్దు క్రుంకిన తరువాత ఈ పొరలో బుడగలు లేస్తాయి. వాటి గుండా వచ్చిన బొమ్మలలో చారలు పడతాయి. తిరుపతి దగ్గఱ గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఒక పెద్ద రాడార్ ఉన్నది. అది భూమిని చూడడానికి కాదు, ఈ పై పొరలనే చూడడానికి. మనం దేని గుండా చూస్తున్నామో దానిని కూడా చూచే ప్రయత్నం నాకు చాలా నచ్చింది.

రైలు పెనుకొండ దాటింది. అప్పుడు నేను అడిగిన ప్రశ్నే నా మెడకు చుట్టుకొన్నది.

"నాయనా, అంతా బాగున్నది. బొమ్మ చెదరింది. చెదరినది నేల వల్లనో, నీ విమానం వల్లనో, నడుమ ఉన్న గాలి వల్లనో నీకెట్లా తెలుస్తుంది? నీవు చూచేది బొమ్మను గదా. ఆ మూడూ బొమ్మలోనే ఉన్నవి గదా."

వాడు కొంచెంసేపు ఊరకున్నాడు. తరువాత చెప్పినాడు. ముందుగా విమానంలోనే దాని ప్రతి కదలికనూ కొలిచే సాధనాలు ఉంటాయి. వాటి లెక్కను బట్టి చాలా భాగం సరిచేస్తారు. అప్పటికీ మిగిలిన దోషాన్ని బొమ్మనుంచే పట్టాలి. బొమ్మలో గట్టిగా మెరిసే చుక్కలను ఏరుకొంటారు: ఒక బండరాయి, ఒక గోడ మూల, ఒక ఇనుప స్తంభం. ఒక్క రాయి అదిరినట్లు కనబడితే ఆ రాయే అదిరి ఉండవచ్చు. కాని ఎక్కడెక్కడో ఉన్న రాళ్ళన్నీ ఒకే క్షణంలో, ఒకే విధంగా అదిరినట్లు కనబడితే?

"వాటికొకదానికొకటి సంబంధం లేదు సార్. అన్నీ కూడబలుక్కొని అదరవు గదా. అన్నిట్లోనూ ఒకే తప్పు ఉంటే ఆ తప్పు వాటిది కాదు, చూసేవానిది. లేదంటే నడిమధ్య గాలిది."

నేల కదలికల విషయంలో కూడా ఇంచుమించు ఇదే పద్ధతి. ఏండ్ల తరబడి మారని రాళ్ళనూ కట్టడాలనూ పట్టుకొని, పదుల కొద్దీ తేదీల చూపులను పోలుస్తారు. నేల కుంగడం తేదీ తేదీకీ ఒక వరుసలో సాగుతుంది. గాలి ఒకనాడు ఇటు, ఒకనాడు అటు. పలుమార్లు చూస్తే గాలి దోషం రాలిపోతుంది, నేల నిజం నిలుస్తుంది. ఒక్కసారి చూచి తీర్పు చెప్పరాదు. ఈ పద్ధతిని ఇటలీ దేశపు పండితులు 2001లో వివరంగా ప్రకటించినారట. పెనుకొండ వంటి నగ్నమైన రాతి కొండలు, కోట గోడలు దానికి చక్కని ఆధారమని వాడు చెబుతూనే ఉన్నాడు. నేను వినడం లేదు.

1994 వానకాలం. ధర్మవరంలో ఒక బడి. ఎనిమిదవ తరగతి. ఇనుప రేకుల కప్పు, వీథి వైపు కిటికీలు. ఆ వీథిలో ఇంటింటా మగ్గాలు. తెల్లవారింది మొదలు ప్రొద్దు గూకేదాకా ఆ చప్పుడు ఆగదు. నాకు ఉక్తలేఖనం మీద గొప్ప పట్టుదల. ఒత్తులూ, శషసలూ తేడా తెలియనివాడు తెలుగువాడు కాడని నా సిద్ధాంతం. ఏబది మాటలు చెప్పేవాణ్ణి. కూర్చొని కాదు, నిలుచుండి కాదు. వెనుక బల్లలనుంచి నల్లబల్ల దాకా, నల్లబల్లనుంచి వెనుకకు, చేతులు వెనుకకు కట్టుకొని నడుస్తూ. అది నా అలవాటు. అట్లా నడిస్తే తరగతి అదుపులో ఉంటుందని మా గురువుల కాలంనుంచి వచ్చిన నమ్మకం.

ఆ రోజు కిటికీ ప్రక్కన చివరి బల్ల మీద కూర్చున్న నలుగురి పుస్తకాలలోనూ ఒకే తొమ్మిది మాటలు తప్పు. ఘటము 'గటము' అయింది, ఫలము 'పలము' అయింది, కఠినము 'కటినము' అయింది, విధేయుడు 'విదేయుడు' అయినాడు. నలుగురి పుస్తకాలలోనూ అవే. ఒకడు వ్రాసినాడు, ముగ్గురు చూచి వ్రాసినారు అని తేల్చినాను. ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి? ఎవడు మొదట వ్రాసినాడని అడిగినాను. నలుగురూ "చూసి రాయలేదు సార్" అన్నారు. అబద్ధం కూడా ఆడుతున్నారని కోపం రెండింతలైంది. వారిలో కొంచెం తల ఎత్తి చెప్పినవాడు ఇదిగో, ఇప్పుడు నా ఎదుట కూర్చున్నవాడు. తొమ్మిది మాటలూ నూరేసి సార్లు వ్రాయించినాను. తండ్రిని పిలిపించినాను. "చెవిటివాని ముందు శంఖమూదినట్లున్నది. వీనికి అక్షరం అబ్బదు. మగ్గం నేర్పించుకో" అన్నాను.

ఇప్పుడు ఆ తొమ్మిది మాటలు ఎక్కడెక్కడ పడినవో తలచుకొంటే ఒళ్ళు జలదరిస్తున్నది. అయిదారు మాటలకొకటి చొప్పున, కొలిచినట్లు. నేను నల్లబల్ల దాకా పోయి, వారికి వీపు పెట్టి, అక్కడ పలికిన మాటలు అవి. నా మొగము గోడ వైపు, వారి చెవులు మగ్గాల చప్పుడులో. ఒత్తు అనేది కేవలం ఒక ఊపిరి. ఆ ఊపిరి పది బారల దూరం మగ్గాల నడుమ పోగలదా? ముందు బల్లల వారికి వినబడింది. కిటికీ ప్రక్క వారికి వినబడలేదు. కదిలినవాణ్ణి నేను. నడుమ ఉన్న గాలి వీథిది. తప్పులు మాత్రం పిల్లల పుస్తకాలలో పడినవి. నలుగురిలో ఒకే తప్పు ఉండడం వారి నిర్దోషిత్వానికి సాక్ష్యం. దానినే నేను దొంగతనానికి సాక్ష్యంగా చదివినాను.

"నీకు ఇది ఎప్పటినుంచి తెలుసు?" అని అడిగినాను. ఏది అని వాడు అడగలేదు.

"ఆ పొద్దే తెల్సు సార్. మేము చూసి రాయలేదని మాకు తెల్సు గదా" అన్నాడు. కొంచెం ఆగి, "ఎందుకట్ల అయిందో మాత్రం ఈ ఉద్యోగంలోకి వచ్చినాకే తెల్సింది" అన్నాడు.

వాడు ఆ తరువాత పది నెలలు బడికి రాలేదు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. మరుసటి జూన్‌లో మా లెక్కల ఉపాధ్యాయుడు ఇంటికి పోయి, తండ్రిని బ్రతిమాలి, వెనుకకు పిలుచుకొని వచ్చినాడు. ఆ ఉపాధ్యాయుడు చేసిన పనిని నేను అప్పట్లో అనవసరపు చొరవ అనుకొన్నాను. అది కూడా ఒప్పుకోవలసినదే.

ధర్మవరం చేరి వాళ్ళ ఇంటికి పోయినాము. తండ్రికి ఎనుబది దాటినవి. కంటికి ఆపరేషను అయింది, నేయడం మానివేసినాడు. మగ్గం మాత్రం ఉన్నది. "రాండి సార్, కూసోండి" అని తన పీట నాకు వేసినాడు. కాఫీ త్రాగిన తరువాత నేను సంగతంతా చెప్పినాను. పిల్లవాని తప్పు కాదు, నా నడక తప్పు అని చెప్పినాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నేయడంలో కూడా అట్లాగే సార్ అన్నాడు. దెబ్బ ఒక తీరుగా పడకపోతే చీర మీద పట్టెలు పడతాయి, కొనేవాడు పట్టు మంచిది కాదంటాడు. ఇంతవరకు నాకు ఊరటగానే ఉన్నది. తరువాత ఆయన అన్నాడు:

"ఆ పొద్దు పిల్లోడు యేడ్చుకుంట చెప్పినాడు సార్, నేను చూసి రాయలేదు నాయనా అని. నమ్మలేదు. కొడ్తి గూడా. సారు చెప్పినాక తప్పని మాకు ఎట్ల తెలుస్తాది?"

ఆయన నన్ను నిందించి అనలేదు. ఉన్న మాట అన్నాడు. నా దగ్గఱ సమాధానం లేదు.

రాడార్ విద్యలో ఒక సౌకర్యం ఉన్నది. చెదరిన బొమ్మను పారవేయరు. విన్నది విన్నట్లు ముడి ప్రతిధ్వనులను దాచుకొంటారు. దోషం తెలిసిన తరువాత, ఏండ్లు గడిచినా, మళ్ళీ లెక్క కట్టి మంచి బొమ్మ తీయవచ్చు. నా దగ్గఱ ఆ పుస్తకాలు లేవు. ఆ ఒక్కరోజు తెలిసింది. ముప్పది అయిదేండ్లలో ఇంకెన్ని రోజులు, ఎందఱి పుస్తకాలు అట్లా దిద్దినానో సరిచూచుకొనే దారి లేదు. ఎఱ్ఱ సిరా మార్కులు మాత్రం ఎవరి జీవితాలలోనో ఉండి ఉంటాయి.

ఆ నలుగురిలో ఇద్దఱు పదవ తరగతి దాకా చదివి మగ్గాలు నేస్తున్నారట. నాలుగవవాడు ఆ నూరేసి సార్లు వ్రాయడానికి భయపడి మరునాటినుంచి బడికి రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. వాణ్ణి పిలిచి తేవడానికి ఏ లెక్కల ఉపాధ్యాయుడూ పోలేదు. నేను పోలేదు. వాడెక్కడ ఉన్నాడని అడిగినాను.

"మీ ఊర్లోనే సార్. హిందూపురంలో ఆటో నడుపుతాండాడు. రైల్వే స్టేషన్ కాడ ఉంటాడు" అన్నాడు నా శిష్యుడు.

ఆ స్టేషన్ ముందు నేను ఎన్నిసార్లు ఆటో ఎక్కినానో లెక్క లేదు. అతడు నన్ను ఎక్కించుకొనే ఉంటాడు. గుర్తుపట్టి ఉంటాడు కూడా.

ఆ రాత్రి హిందూపురంలో రైలు దిగినప్పుడు ఆటోల వరుస వైపు చూచి, ధైర్యం చాలక నడిచి ఇంటికి వచ్చినాను. ఇది వ్రాసి ముగించేటప్పటికి తెల్లవారుతున్నది. ఈ పొద్దు పోవలెను. అతడు ఇంజను ఆపిన తరువాత, ఎదురుగా నిలబడి, మొగము చూచి, చెప్పవలసినది చెప్పవలెను. ఏమంటాడో తెలియదు. అన్నది వినవలెను.

స్వస్తి.